చిన్న డిస్కులకు మారేవారు పాత రెయిడ్ జోలికి పోకూడదు

సంపాదకులకు,

అయ్యా,

కంప్యూటర్లలో నిల్వ సామర్థ్యాన్ని ఎలా పెంచుకోవాలో చెప్పే వ్యాసాలకు పత్రికల్లో కొదవ లేదు. చిన్న డిస్కు తీసి పెద్ద డిస్కు పెట్టడం, ఖాళీ అరలో మరో డిస్కు చేర్చడం, పెరిగిన జాగాను ఫైల్‌సిస్టమ్‌కు, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే వ్యవస్థకు, అందించడం వంటి పనులన్నీ ఇప్పుడు దాదాపు ప్రతి నిల్వ పరికరంతో వచ్చే పుస్తకంలోనూ బొమ్మలతో సహా ఉంటున్నాయి. దీనికి సరిగ్గా తిరగబడిన పని, అంటే పెద్ద డిస్కులతో కట్టిన రెయిడ్ (ఒక డిస్కు పాడైనా డేటా నిలిచేలా అనేక డిస్కులను కలిపి ఒకే నిల్వగా వాడే ఏర్పాటు) నుంచి చిన్న డిస్కుల మీదికి మారడం గురించి మాత్రం ఎక్కడా నాలుగు మాటలు సరిగా కనబడవు. అలాంటి అవసరమే రాదన్న భావన వల్ల కాబోలు ఈ విషయం మరుగున పడిపోయింది. సర్వర్ల నిర్వహణే వృత్తిగా ఉన్నవాడిగా ఆ అవసరం తరచూ వస్తుందని చెప్పగలను. వచ్చినప్పుడు చాలామంది ఎంచుకుంటున్న దారి మాత్రం సరైనది కాదన్నది నా అభిప్రాయం.

అవసరం ఎలా వస్తుందో ముందు చెబుతాను. రాబోయే సంవత్సరాల్లో ఎంత డేటా పోగవుతుందో అంచనా వేయలేక, ఎందుకైనా మంచిదని ఆరు 8 టెరాబైట్ల డిస్కులు కొని పెట్టుకున్న సంస్థకు, కొన్నేళ్లు గడిచాక చూస్తే అందులో మూడో వంతు కూడా నిండి ఉండదు. ఆ పెద్ద డిస్కులు బ్యాకప్ సర్వర్‌కు ఎక్కువ ఉపయోగపడతాయి. మరొకచోట తిరిగే హార్డ్ డిస్కుల చప్పుడూ వేడీ భరించలేక తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలకు మారాలనుకుంటారు. ఎస్‌ఎస్‌డీలు గిగాబైటు లెక్కన ఖరీదైనవి కాబట్టి తక్కువ సామర్థ్యం ఉన్నవే తీసుకుంటారు. ఇక మూడో కారణం నాకు అన్నిటికంటే సమంజసంగా తోస్తుంది. 16 టెరాబైట్ల డిస్కు ఒకటి పోయి దాని స్థానంలో కొత్తది పెట్టినప్పుడు, సెకనుకు 200 మెగాబైట్ల వేగం ఎక్కడా తగ్గకుండా రీబిల్డ్ (మిగిలిన డిస్కుల సాయంతో కొత్తదాన్ని నింపడం) సాగినా 22 గంటలు పడుతుంది. సర్వర్ మామూలు పనిలో ఉంటే ఆ వేగం నిలవదు కాబట్టి అది రోజులకు సాగుతుంది. 4 టెరాబైట్ల డిస్కుకు అదే వేగంతో ఐదున్నర గంటలు చాలు. రక్షణ తగ్గి ఉన్న ఆ కాలం ఎంత తక్కువైతే అంత మేలు. అసలు రెయిడ్ అనే ఆలోచనకు పేరు తెచ్చిన 1988 నాటి పరిశోధన పత్రంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ చేసిన వాదన కూడా ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు అనేక చిన్న, చవక డిస్కులను కలిపి వాడుకోవచ్చుననే. కనుక చిన్న డిస్కులకు మారడం వెనకడుగేమీ కాదు.

అయితే నాలుగు పెద్ద డిస్కులు తీసి ఎనిమిది చిన్నవి పెట్టడం వేరే సంగతి. కరెంటూ పెరుగుతుంది, పాడయ్యే భాగాల సంఖ్యా పెరుగుతుంది. డిస్కుల సంఖ్య పెరగకుండా పరిమాణం తగ్గించుకునేవారి గురించే నేను రాస్తున్నాను.

వారిలో ఎక్కువమంది మొదట చేసే పని ఒక పెద్ద డిస్కును బయటికి లాగి, అదే అరలో చిన్న డిస్కును దోపి, రీబిల్డ్ మొదలుపెట్టమని ఆజ్ఞ ఇవ్వడం. సాఫ్ట్‌వేర్ వెంటనే తిరస్కరిస్తుంది. లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఏడీఎం సాధనం అయినా, ఫైల్‌సిస్టమ్‌లోనే రెయిడ్ కలిసి ఉండే జెడ్‌ఎఫ్‌ఎస్ అయినా, హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు అయినా చెప్పేది ఒక్కటే: ఈ డిస్కు చాలదు. రెయిడ్‌ను కట్టిన రోజున ప్రతి డిస్కులోనూ ఎన్ని సెక్టార్లు (డిస్కు జాగాలోని చిన్న చిన్న గడులు) వాడుకోవాలో నిర్ణయమైపోతుంది, ఆ తర్వాత వచ్చే ప్రతి డిస్కూ కనీసం అన్ని సెక్టార్లు చూపించి తీరాలి. ఇక్కడ ఉజ్జాయింపు అన్నది లేదు. 4 టెరాబైట్ల డిస్కులో ఒక్కోటి 512 బైట్ల చొప్పున 781 కోట్ల 40 లక్షల 37 వేల 168 సెక్టార్లు ఉండడం పరిశ్రమలో పాటిస్తున్న ప్రమాణం. ఆ ప్రమాణం పాటించని డిస్కు, లేదా రెయిడ్ కార్డు తన లెక్కల కోసం చివర్లో కొంత మినహాయించుకున్న డిస్కు అయితే, పైన అదే 4 టెరాబైట్లని రాసి ఉన్నా లోపలికి రాదు. అందుకే మొదటి రోజునే డిస్కు చివర ఒక వంద మెగాబైట్లు వదిలేసి పార్టిషన్ చేసుకునే అలవాటు మంచిదని నేను నమ్ముతాను. ఆ వంద మెగాబైట్ల కోసం ఎవరూ ఎదురుచూడరు, అవి లేక ఆగిపోయిన రీబిల్డ్ కోసం మాత్రం ఊరంతా ఎదురుచూస్తుంది.

తిరస్కారం ఎదురయ్యాక రెండో ఆలోచన పుడుతుంది. ఉన్న రెయిడ్‌నే కుదించి, ఆ తర్వాత ఒక్కో డిస్కునూ మారిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నా అభ్యంతరమంతా ఈ ఆలోచన మీదే. ఇది అసాధ్యమని నేననడం లేదు. లినక్స్‌లో ఎండీఏడీఎంతో కట్టిన రెయిడ్ (ఎండీ రెయిడ్) మీద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఉంటే, దాన్ని అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి విడదీసి), ఎఫ్‌ఎస్‌సీకేతో పూర్తిగా తనిఖీ చేసి, రీసైజ్2ఎఫ్‌ఎస్‌తో కుదించి, దాని కింద డిస్కు జాగాను పంచే ఎల్‌వీఎం అనే పొర ఉంటే దాన్ని కుదించి, ఆ తర్వాత రెయిడ్ మొత్తం పరిమాణాన్ని, చివరగా ఒక్కో డిస్కులో వాడే భాగాన్ని తగ్గించవచ్చు. ఈ వరుసలో ఎక్కడైనా పై పొర కన్నా కింది పొరను ముందు కోసినా, లేదా గిబిబైట్లను (1024 చొప్పున లెక్క) గిగాబైట్లుగా (వెయ్యి చొప్పున లెక్క) పొరబడి కొద్దిగా ఎక్కువ కోసినా, ఫైల్‌సిస్టమ్ చివరి భాగం గాలిలో కలిసిపోతుంది. ఎండీఏడీఎంను రూపొందించినవారికి ఈ ప్రమాదం తెలుసు కాబట్టే అందులో మొత్తం పరిమాణాన్ని తగ్గించే ఆజ్ఞ ప్రభావాన్ని తాత్కాలికంగానే ఉంచారు. రెయిడ్‌ను ఆపి మళ్లీ నడిపితే పాత పరిమాణం తిరిగొస్తుంది. అలా తగ్గించి, ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసి, అంతా సవ్యంగా ఉందని తేలాకే ఒక్కో డిస్కులోని భాగాన్ని శాశ్వతంగా తగ్గించాలి. ఈ ఆసరా ఉందని తెలియక నేరుగా శాశ్వతమైన ఆజ్ఞ ఇచ్చేసేవారే ఎక్కువ.

అంతటితో పని పూర్తి కాదు. కుదించిన తర్వాత అసలు మార్పిడి మొదలవుతుంది. ఆరు డిస్కులుంటే ఆరు రీబిల్డ్‌లు జరగాలి. ప్రతి రీబిల్డ్‌లోనూ మిగిలిన డిస్కుల్లో రెయిడ్ వాడుతున్న భాగమంతా చదవాలి. ఒక్క డిస్కు పోయినా మాత్రమే తట్టుకునే రెయిడ్ 5 అయితే పాత డిస్కును లాగేసిన క్షణం నుంచి కొత్తది నిండేదాకా రక్షణ బొత్తిగా ఉండదు. సాధారణ డిస్కుల వివరాల పత్రాల్లో 10 టు ది పవర్ 14 బిట్లు చదివితే ఒకటి చదవలేకపోవచ్చని తయారీదారులే రాస్తారు, అది 12.5 టెరాబైట్లకు సమానం. ఆచరణలో డిస్కులు దీనికన్నా మెరుగ్గానే ఉంటాయన్నది నిజమే, అయినా వయసు మళ్లిన డిస్కులను వరుస రీబిల్డ్‌లతో మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని ఎంచుకోవడం కోరి కొరివితో తల గోక్కోవడమే. అదనపు అర ఒకటి ఖాళీగా ఉంటే పాత డిస్కును తీయకుండానే కొత్తదాన్ని పక్కన పెట్టి నింపే సదుపాయం ఎండీఏడీఎంలోనూ జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఉంది; అది ఈ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, కుదింపులోని ప్రమాదాన్ని మాత్రం తగ్గించదు.

పైగా ఈ దారి అందరికీ తెరిచి లేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ను పెంచడం ఎంత సులువో, ఆచరణలో కుదించడం అంత అసాధ్యం. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లో (డిస్కులన్నీ కలిసిన నిల్వలో) రెయిడ్‌జెడ్ సముదాయాన్ని, అంటే రెయిడ్ 5 లాంటి దాని సొంత ఏర్పాటును, కుదించే వీలు లేదు. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌లో 2019 నుంచి విడి డిస్కులనూ మిర్రర్లనూ (ఒకే డేటా రెండేసి డిస్కుల మీద ఉండే జతలు) పూల్ నుంచి తొలగించే వీలుంది, రెయిడ్‌జెడ్ ఉన్న పూల్‌కు అది వర్తించదు. 2025 జనవరిలో వచ్చిన 2.3 వెర్షన్ రెయిడ్‌జెడ్‌కు ఒక్కో డిస్కు చొప్పున చేర్చుకునే సౌకర్యం ఇచ్చింది. అదీ పెంచడానికే. ఈ విషయంలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్‌ది ఉదార స్వభావం: వేర్వేరు పరిమాణాల డిస్కులను కలిపి వాడుకుంటుంది, నడుస్తుండగానే డిస్కును చేరుస్తుంది, తీసేస్తుంది, కుదించనిస్తుంది. అయితే దాని రెయిడ్ 5, 6 పద్ధతులను ముఖ్యమైన డేటాకు వాడవద్దని దాన్ని రూపొందిస్తున్నవారే హెచ్చరిస్తున్నారు కాబట్టి ఆ ఉదారత మిర్రర్లు వాడేవారికే పనికొస్తుంది.

మూడో దారి ఒకటుంది, దాన్ని మొగ్గలోనే తుంచేయాలి. పెద్ద డిస్కు మొదట్లోనే డేటా ఉంది కదా అని డీడీ వంటి సాధనంతో సెక్టారుకు సెక్టారు చిన్న డిస్కు మీదికి నకలు తీయడం ఆ దారి. డేటా మొదట్లోనే ఉండాలన్న నియమం ఏ ఫైల్‌సిస్టమ్‌కూ లేదు. అంతకన్నా ముఖ్యమైనది, డిస్కు చివరి సెక్టార్లలో ఏముంటుందన్నది. జీపీటీ పార్టిషన్ పట్టిక (డిస్కు విభాగాల జాబితా) రెండో ప్రతి అక్కడే ఉంటుంది. ఎండీ రెయిడ్ తన వివరాలను 0.90, 1.0 పద్ధతుల్లో చివర్లోనే రాసుకుంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డిస్కు మీదా నాలుగు లేబుళ్లు రాస్తుంది, వాటిలో రెండు చివరన ఉంటాయి. చాలా హార్డ్‌వేర్ రెయిడ్ కార్డులు కూడా తమ ఆనవాళ్లను ఆ చివరి భాగంలోనే దాచుకుంటాయి. తోక తెగిన నకలు ఒక్కోసారి మౌంట్ అయినట్టే అయి, కొంతకాలం పనిచేసినట్టే కనిపించి, చివరి భాగంలోని ఫైలు ఎవరైనా తెరిచిన రోజున బయటపడుతుంది.

కాబట్టి నేను సమర్థించే పద్ధతి ఒక్కటే. చిన్న డిస్కులతో వేరుగా కొత్త రెయిడ్ కట్టాలి, డేటాను అందులోకి నకలు చేయాలి, పాతదాన్ని చదవడానికి తప్ప ముట్టుకోకూడదు. ఈ పద్ధతిలో ఎక్కడ ఏం చెడినా పాత రెయిడ్ చెక్కుచెదరకుండా పక్కనే ఉంటుంది. రెండింటినీ ఒకేసారి నడపడానికి అదనపు అరలైనా, మరో యంత్రమైనా కొన్నాళ్లు అరువు తెచ్చుకోవలసి వస్తుందన్నది దీనికున్న ఒకే ఒక ఇబ్బంది.

పద్ధతి తేలాక అసలు శ్రమంతా కొలతలోనే ఉంది. పెద్దదానిలోకి మారేవారికి లెక్క కొంచెం తప్పినా నష్టం లేదు, చిన్నదానిలోకి మారేవారికి ప్రతి శాతమూ లెక్కే. ఆరు 4 టెరాబైట్ల డిస్కులతో రెయిడ్ 6 కడితే రెండు డిస్కుల మేర పారిటీకి, అంటే పోయిన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టే సమాచారానికి, పోయి 16 టెరాబైట్లు మిగులుతాయి. డిస్కు తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు చాలావరకు 1024 చొప్పున చూపిస్తాయి. ఆ లెక్కన తెర మీద కనిపించేది 14.55 మాత్రమే. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం జాగాను నిర్వాహకుడి కోసం పక్కన పెడుతుంది, దానితో 13.8కి దిగుతుంది. డేటా మాత్రమే ఉండే చోట అంత అక్కరలేదు కాబట్టి ఆ శాతాన్ని ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో తగ్గించుకోవచ్చు. ఏ ఫైల్‌సిస్టమ్‌నైనా నూటికి ఎనభైకి మించి నింపితే వేగం మందగిస్తుందన్న అనుభవ సూత్రాన్ని పాటిస్తే నిజంగా వాడుకోదగింది 11 చిల్లర. పదహారని కొని పదకొండుతో సర్దుకోవాలన్నమాట. పాత రెయిడ్‌లో ఇప్పుడు 9 ఉంటే మారవచ్చు, 10.5 ఉంటే, ఏడాదికి ఎంత పెరుగుతోందో చూడకుండా మారడం మళ్లీ పెద్ద డిస్కుల కోసం తిరగడానికి సిద్ధపడడమే.

ఆ 9 అన్న అంకె కూడా నమ్మదగినదేనా అన్నది తర్వాతి ప్రశ్న. పాత చోట 9 ఆక్రమించిన డేటా కొత్త చోట కూడా 9 మాత్రమే ఆక్రమిస్తుందని ఏమీ లేదు. చూస్తుండగానే తడిసి మోపెడయ్యే మార్గాలు చాలా ఉన్నాయి. రోజువారీ బ్యాకప్‌లను హార్డ్ లింకులతో (ఒకే ఫైలుకు అనేక పేర్లు) భద్రపరిచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అందులో మారని ఫైలు ముప్పై రోజుల ఫోల్డర్లలో కనిపించినా డిస్కు మీద ఒక్కసారే ఉంటుంది. ఫైళ్లను నకలు చేసే ఆర్‌సింక్‌ను మామూలు ఆర్కైవ్ ఐచ్ఛికంతో మాత్రమే నడిపితే అది హార్డ్ లింకులను గుర్తించదు, ముప్పై చోట్లా ముప్పై ఫైళ్లు రాసేస్తుంది. దానికి వేరే ఐచ్ఛికం జోడించాలి. వర్చువల్ మెషీన్ల (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) డిస్కు ఫైళ్లది ఇంకో తంతు. పేరుకు 500 గిగాబైట్లు, లోపల నిజంగా రాసింది 60 గిగాబైట్లు, మిగతాదంతా రంధ్రమే. ఆ రంధ్రాలను గుర్తించమని చెప్పకపోతే నకలులో 440 గిగాబైట్ల సున్నాలు అక్షరాలా డిస్కు మీదికి ఎక్కుతాయి. పాతచోట కంప్రెషన్ ఉండి కొత్తచోట మరచిపోయినా ఇదే గతి. డిస్కు మీద నిజంగా ఆక్రమించిన జాగాను లెక్కించే డీయూ ఆజ్ఞ చూపించే మొత్తాన్ని, దానితోపాటు ఫైళ్లు పైకి చూపించే పరిమాణాల మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ముందే బయటపడుతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేవారికి ఇంకొక సూక్ష్మం ఉంది, ఇది బాగా అనుభవం ఉన్నవారిని కూడా తికమక పెడుతుంది. 4 కిలోబైట్ల సెక్టార్లున్న డిస్కులతో రెయిడ్‌జెడ్2 (రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్‌జెడ్) కట్టి, దాని మీద 8 కిలోబైట్ల బ్లాకులతో వర్చువల్ డిస్కు సృష్టించారనుకుందాం. ఒక్కో బ్లాకుకు డేటా రెండు సెక్టార్లు, పారిటీ రెండు సెక్టార్లు, మొత్తం నాలుగు కావాలి. రెయిడ్‌జెడ్2 తన కేటాయింపులను మూడేసి సెక్టార్ల గుణిజాల్లోనే చేస్తుంది కాబట్టి అవి ఆరవుతాయి. 8 కిలోబైట్ల డేటా 24 కిలోబైట్లు ఆక్రమిస్తుంది. పాత పూల్ మిర్రర్లతో కట్టినదైతే అదే డేటాకు 16 కిలోబైట్లు చాలేవి. డిస్కుల మీద రాసి ఉన్న సామర్థ్యాలను కూడికలు తీసివేతలు చేసుకున్నవారికి ఈ సంగతి ఎక్కడా కనిపించదు, పూల్ నిండిపోయాక కనిపిస్తుంది. ఆ వర్చువల్ డిస్కులకే రిజర్వేషన్ పెట్టి ఉంటే, లోపల ఖాళీగా ఉన్నా సరే వాటి పూర్తి పరిమాణం మేరకు జాగా కావాలని చిన్న పూల్ మొదట్లోనే మొరాయిస్తుంది.

స్నాప్‌షాట్ల, అంటే ఒకానొక క్షణంలో డేటా ఎలా ఉందో పట్టి ఉంచే ప్రతుల, సంగతి వేరే చెప్పాలి. జాగా చాలదని తేలినప్పుడు అందరూ పాత ఫైళ్లు చెరపడానికి పూనుకుంటారు, ఎంత చెరిపినా ఖాళీ పెరగదు. ఆ ఫైళ్లను స్నాప్‌షాట్లు ఇంకా పట్టుకునే ఉంటాయి. ఏ స్నాప్‌షాట్ ఎంత పట్టుకుని ఉందో చూసి, చరిత్ర ఎంతవరకు తీసుకెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. ఇటీవలి స్నాప్‌షాట్ ఒక్కటే పంపితే నేటి డేటా మాత్రమే కొత్త పూల్‌కు వెళుతుంది, చరిత్ర పాత డిస్కులలో మిగులుతుంది. కుదింపు ఉద్దేశంగా ఉన్నప్పుడు నేను దీన్నే ఇష్టపడతాను. అయితే చట్టపరంగానో సంస్థ నియమాల వల్లనో పాత ప్రతులు కొంతకాలం ఉంచవలసినవారు ఆ పాత డిస్కులను వెంటనే మరో పనికి మళ్లించకూడదు.

కొత్త డిస్కుల ఎంపిక గురించి క్లుప్తంగా చెబుతాను. ట్రాకులను ఒకదానిమీద ఒకటి కొంత కప్పుతూ రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు రెయిడ్‌కు పనికిరావు. రీబిల్డ్ వంటి ఎడతెగని రాత మొదలవగానే వాటి వేగం పాతాళానికి పడిపోతుంది. ప్రధాన తయారీదారులు కొన్ని డిస్కుల్లో ఈ పద్ధతిని వాడుతూ ఆ విషయం కొనేవారికి చెప్పలేదని 2020లో బయటపడింది, తక్కువ సామర్థ్యపు డిస్కులు కూడా అందులో ఉన్నాయి. చిన్న డిస్కే కదా పాత సాంకేతికతే ఉంటుందిలే అని ఊహించుకోకుండా మోడల్ నంబరుతో సరిచూసుకోవాలి. వచ్చిన ప్రతి డిస్కుకూ, అది తనను తాను తనిఖీ చేసుకునే స్మార్ట్ సుదీర్ఘ పరీక్ష నడిపి, మార్చిన సెక్టార్లు, పెండింగ్ సెక్టార్ల లెక్కలు సున్నాగా ఉన్నాయని చూశాకే రెయిడ్‌లో చేర్చాలి.

నకలును ఒకే దెబ్బలో ముగించాలనుకోవడం పొరపాటు. సర్వర్ మామూలుగా నడుస్తుండగానే మొదటి విడత నకలు తీయాలి, అది ఎన్ని గంటలు పట్టినా ఎవరి పనీ ఆగదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో అయితే స్నాప్‌షాట్ తీసి సెండ్, రిసీవ్‌లతో పంపుతారు. ఇక్కడొక చిన్న కిటుకు ఉంది: పంపేటప్పుడు డేటాతోపాటు మౌంట్ పాయింట్ (ఏ ఫోల్డరు వద్ద తెరుచుకోవాలన్న వివరం) వంటి లక్షణాలు కూడా వెళితే, అందుకునే పూల్ వచ్చీ రాగానే పాత ఫోల్డర్ల మీదే మౌంట్ అవబోతుంది. అందుకే మౌంట్ చేయకుండా అందుకోమని రిసీవ్‌కు ముందే చెప్పాలి. మొదటి విడత తర్వాత రెండో విడతలో తేడాలు మాత్రమే వెళతాయి. మూడో విడతకు తేడా కొన్ని నిమిషాల పనికి దిగుతుంది. సర్వర్‌ను ఆపేది అప్పుడు మాత్రమే.

ఆ చివరి విడత ఎలా ఉండాలో కాస్త వివరంగా రాస్తాను, తొందరపాటు జరిగేది అక్కడే. ముందుగా ఫైళ్లను పంచే సేవలనూ, డేటాబేస్‌లనూ, రాత్రిళ్లు నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచే పనులనూ ఆపాలి. ఆ మూడోదాన్ని మరచిపోవడం సర్వసాధారణం. తర్వాత పాత ఫైల్‌సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా మళ్లీ మౌంట్ చేయాలి. ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా రాస్తూ ఉంటే ఆ ఆజ్ఞే విఫలమై, పరికరం వాడకంలో ఉందని చెబుతుంది. ఆ సందేశాన్ని బలవంతంగా దాటవేయకూడదు, ఎవరు రాస్తున్నారో వెతికి పట్టుకుని ఆపాలి. అప్పుడు చివరి తేడాలను పంపి, పాతచోట చెరిపినవి కొత్తచోట కూడా చెరిగేలా చూడాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను మొదటి విడతలో నకలు చేసినా అవి పొంతన లేని ముక్కలే; ఆపిన తర్వాత తీసుకున్న ప్రతినే నమ్మాలి. ఆ పైన జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే పాత పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి (వ్యవస్థ నుంచి విడదీసి), కొత్తదాన్ని పాత పేరుతో ఇంపోర్ట్ చేస్తే, దారులన్నీ యథాతథంగా ఉండి వాడుకరులకు మార్పు జరిగినట్టే తెలియదు.

సరిచూడడం గురించి నాకు కొంచెం చాదస్తం ఉంది. ఆర్‌సింక్ పరిమాణం, మార్పు సమయం సరిపోతే ఫైలు సరిపోయినట్టే భావిస్తుంది. లోపలి బైట్లను అది పోల్చదు, పోల్చమని విడిగా అడగాలి. అలా అడిగి, ఏదీ రాయకుండా తేడాలను మాత్రమే జాబితాగా చూపమంటే, ఆ జాబితా ఖాళీగా రావాలి. ఒక్క పేరు వచ్చినా కారణం తెలిసేదాకా పాత రెయిడ్‌ను కదపకూడదు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (డేటా మారితే పట్టించే అంకె) ఉంటుంది కాబట్టి కొత్త పూల్‌కు పూర్తి స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడడం) ఒకటి నడిపితే రాసినది రాసినట్టుగా ఉందో లేదో తేలిపోతుంది. పాత పూల్‌కు నకలుకు ముందే ఒక స్క్రబ్ నడపడం ఇంకా మంచిది, చెడిపోయిన ఫైలును భద్రంగా మోసుకెళ్లి లాభం లేదు. ఫైళ్ల అనుమతులు, యజమానుల వివరాలు, అదనపు లక్షణాలు కూడా వచ్చాయో లేదో ఒక సాధారణ వాడుకరి ఖాతాతో లోపలికి వెళ్లి చూడాలి. నిర్వాహకుడి ఖాతాకు అన్నీ తెరుచుకుంటాయి కాబట్టి ఆ లోపం అతనికి కనిపించదు.

రెండు రెయిడ్లను ఒకేసారి నడపడానికి అరలు లేనివారి మాటేమిటని అడగవచ్చు. కొత్త రెయిడ్‌ను ఒకటి రెండు డిస్కులు లేకుండానే, అంటే పుట్టుకతోనే లోటుతో కట్టి, పాతదాని నుంచి ఒక డిస్కు తీసి అరలు సర్దుబాటు చేసుకునే చిట్కా ఒకటి చెప్పుకుంటుంటారు. నకలు నడుస్తున్నంతసేపూ రెండుచోట్లా రక్షణ తగ్గి ఉండే ఈ చిట్కా అసలుకే ఎసరు పెడుతుంది. దాని బదులు డేటాను రెండు వేర్వేరు చోట్లకు బ్యాకప్ తీసి, అందులో కనీసం ఒకదాని నుంచి ఫైళ్లను నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూసి, ఆ తర్వాత పాత డిస్కులను తీసి పక్కన పెట్టి కొత్త రెయిడ్ కట్టి నింపుకోవడం నయం. అప్పుడు కూడా పాత డిస్కులు ఏ అరలో ఏది ఉండేదో రాసిపెట్టుకుని చెరపకుండా ఉంచితే అవే మూడో ప్రతిగా ఉంటాయి.

నిల్వ పరికరాలు తయారుచేసేవారినీ, వాటి మీద వ్యాసాలు రాసేవారినీ మీ పత్రిక ద్వారా రెండు కోరికలు కోరుతున్నాను. రెయిడ్ కట్టే సమయంలో తెర మీద పేరు, స్థాయి, ఫైల్‌సిస్టమ్ ఎంచుకోమంటారు కదా, అక్కడే ఈ ఎంపికను తర్వాత కుదించలేరన్న ఒక్క వాక్యం చూపించాలి. దాన్ని చదివి ఎక్స్‌ఎఫ్‌ఎస్ బదులు ఈఎక్స్‌టీ4, రెయిడ్‌జెడ్ బదులు మిర్రర్లు ఎంచుకునేవారు తప్పక ఉంటారు. అలాగే డిస్కు పెట్టె మీద టెరాబైట్ల అంకె పక్కన సెక్టార్ల సంఖ్యనూ, రాత పద్ధతి సీఎంఆరో (ట్రాకులు కప్పుకోని మామూలు పద్ధతి) ఎస్‌ఎంఆరో కూడా అచ్చు వేయాలి. ఇవి రెండూ తయారీదారుల దగ్గర ఉన్న వివరాలే.

ఇక పాత డిస్కులు. కనీసం ఒక నెలవారీ బ్యాకప్ కొత్త రెయిడ్ నుంచి విజయవంతంగా పూర్తయ్యేదాకా వాటిని అలాగే ఉంచి, ఆ తర్వాతే మరో పనికి ఇవ్వాలి. ఇచ్చే ముందు వాటి మీది రెయిడ్ ఆనవాళ్లను వైప్‌ఎఫ్‌ఎస్ వంటి సాధనంతో తుడిచేయాలి. లేకపోతే వాటిని తగిలించిన మరో యంత్రం పాత రెయిడ్‌ను గుర్తుపట్టి తనంతట తానే దాన్ని మళ్లీ కట్టడానికి ప్రయత్నిస్తుంది. సంస్థ బయటికి వెళ్లే డిస్కులైతే ఆనవాళ్లు తుడిస్తే చాలదు, హార్డ్ డిస్కును మొత్తంగా తిరగరాయాలి, ఎస్‌ఎస్‌డీ అయితే దానిలోనే ఉండే సురక్షితంగా చెరిపే ఆజ్ఞను వాడాలి.

భవదీయుడు,
ఒక సర్వర్ల నిర్వాహకుడు